మిరుగం తేదీ మారదు, పెత్రమాస తేదీ నిలవదు

2023లో పెత్రమాస, అంటే బతుకమ్మ మొదలయ్యే భాద్రపద అమావాస్య, అక్టోబర్ 14న వచ్చింది. మరుసటేడు అక్టోబర్ 2న, 2025లో సెప్టెంబర్ 21న. ఏటా పదకొండు పన్నెండు రోజులు ముందే వస్తున్నది కాస్తా 2026లో అక్టోబర్ 10కి పోయింది. అంటే ఒక్కసారే పంతొమ్మిది రోజులు ఆలస్యం. మిరుగం, అంటే మృగశిర కార్తె, అట్లా తిరగదు. ఏ ఏడాదైనా జూన్ 7 లేదా 8, అంతే. సంక్రాంతి జనవరి 14, కాకపోతే 15. పీర్ల పండుగది ఇంకో దారి. 2019లో సెప్టెంబర్ 10న, 2025లో జూలై 6న వచ్చింది, ఇట్లాగే పోయి ఇంకో పదేళ్లకు ఎండాకాలం మొదట్లో పడుతుంది. కృష్ణా పుష్కరాలైతే పన్నెండేళ్లకోసారి.

నల్లగొండలోనో పాలమూరులోనో ఏ ఇంటి గోడ మీది క్యాలెండర్ చూసినా ఇవన్నీ అందులోనే ఉంటాయి. బడిలో భూభ్రమణం, పరిభ్రమణం అని రెండు మాటలు బట్టీ పట్టించి, గ్లోబు మీద టార్చిలైటు వేసి చూపించి వదిలేస్తారు. ఆ పాఠానికీ ఈ క్యాలెండర్‌కూ ఉన్న సంబంధం చెప్పేవాళ్లు తక్కువ. నన్నడిగితే ఆకాశం గురించి నేర్పడానికి ఇంతకన్నా మంచి పుస్తకం మన పల్లెల్లో లేదు. రోజును భూమి తిరుగుడుతో కొలుస్తాం, నెలను చంద్రుడితో, ఏడాదిని సూర్యుడి చుట్టూ భూమి చేసే ప్రయాణంతో. చిక్కంతా ఎక్కడంటే, ఈ మూడూ ఒకదాన్నొకటి శేషం లేకుండా భాగించవు. ఎప్పుడూ కొంత మిగులుతుంది. ఆ మిగులును ఏం చేయాలన్న దగ్గర ఒక్కో పండుగ ఒక్కో దారి పట్టింది.

ముందు రోజు సంగతి చూద్దాం. నల్లగొండ దాదాపు 17 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. భూమి తిరుగుతుండడం వల్ల ఇక్కడ అరుగు మీద కూర్చున్న మనిషి కూడా గంటకు సుమారు 1,600 కిలోమీటర్ల వేగంతో తూర్పుకు పోతున్నట్టే. పాలమూరు పడమర ఉంది కాబట్టి అక్కడ సూర్యుడు నల్లగొండ కంటే ఐదు నిమిషాలు ఆలస్యంగా నడిమింటికి వస్తాడు. మన గడియారాలు చూపించేది కాకినాడ దగ్గరగా పోయే 82.5 డిగ్రీల రేఖాంశం మీది సమయం. అందుకే అసలైన మిట్టమధ్యాహ్నం నల్లగొండలో సగటున 12 గంటల 13 నిమిషాలకు, పాలమూరులో 12 గంటల 18 నిమిషాలకు అవుతుంది.

భూమి తన చుట్టూ తాను ఒక్కసారి తిరగడానికి పట్టేది మాత్రం 24 గంటలు కాదు. 23 గంటల 56 నిమిషాల 4 సెకన్లు. ఆ ఒక్క తిరుగుడు పూర్తయ్యేలోగా భూమి సూర్యుడి చుట్టూ తన దారిలో దాదాపు ఒక డిగ్రీ జరిగిపోతుంది. సూర్యుడు మళ్లీ నిన్నటి చోటికే రావాలంటే ఇంకో నాలుగు నిమిషాలు తిరగాలి. చుక్కలకు ఆ బాధ లేదు. అవి చాలా దూరంలో ఉన్నాయి కాబట్టి ప్రతి రాత్రీ నిన్నటికంటే నాలుగు నిమిషాలు ముందే పొడుస్తాయి. నెలకు రెండు గంటలు, ఏడాదికి ఒక పూర్తి చుట్టు.

కార్తెల లెక్క పుట్టింది ఇక్కడే. రోజుకు డిగ్రీ చొప్పున సూర్యుడు చుక్కల మధ్య జరుగుతున్నట్టు మనకు కనిపిస్తాడు. నిజానికి జరిగేది భూమి. ఆ దారిని 27 నక్షత్రాలకు పంచితే ఒక్కోదానికి 13 డిగ్రీల చిల్లర, అంటే పదమూడు పద్నాలుగు రోజులు. సూర్యుడు రోహిణి భాగంలో ఉన్నన్నాళ్లు రోహిణి కార్తె, మృగశిరలోకి వస్తే మిరుగం, తర్వాత ఆరుద్ర. తమాషా ఏమిటంటే, మిరుగంలో మృగశిర నక్షత్రం కనిపించదు. దాని ముందు సూర్యుడు ఉంటాడు, అది పగలే ఆకాశంలో ఉంటుంది. దాన్ని చూడాలంటే డిసెంబర్, జనవరి రాత్రుల్లో చూడాలి. వరసగా మూడు చుక్కలు మెరిసే ఆ గుంపులో, పైభాగాన కాస్త మసకగా ఉండేదే మృగశిర.

కార్తె సూర్యుడిది కాబట్టి ఇంగ్లిష్ తేదీతో కలిసిపోతుంది. ఇంగ్లిష్ క్యాలెండర్ కూడా సూర్యుడి లెక్కే. రైతుకు కావలసింది కూడా అదే. వాన చంద్రుణ్ని చూసి రాదు. ఆరుద్ర కురిస్తే ఆరు కార్తెలు కురుస్తాయన్న సామెతలో తిథి ప్రస్తావన లేకపోవడం ఊరికే కాదు.

రోహిణిలో రోళ్లు పగులుతాయనే ఎండకు కారణం భూమి సూర్యుడికి దగ్గర కావడమేనని చాలామంది అనుకుంటారు. వాళ్లలో డిగ్రీలు చదివినవాళ్లు కూడా ఉంటారు. భూమి సూర్యుడికి అన్నిటికన్నా దగ్గరగా ఉండేది జనవరి మొదటివారంలో. అప్పుడు దూరం 14.71 కోట్ల కిలోమీటర్లు. జూలై మొదటివారంలో అది 15.21 కోట్లు. అంటే సంక్రాంతి ముందు పొద్దున్నే చలిమంట కాగుతున్న రోజుల్లోనే మనం సూర్యుడికి 50 లక్షల కిలోమీటర్లు దగ్గరగా ఉన్నాం. ఎండకు కారణం దూరం కాదు, భూమి అక్షం 23.4 డిగ్రీలు ఒరిగి ఉండడం. మార్చి తర్వాత ఉత్తరార్ధగోళం సూర్యుడి వైపు వాలుతుంది, కిరణాలు నిట్టనిలువుగా పడతాయి, పగలు పొడుగవుతుంది. నల్లగొండలో జూన్ నెలాఖరు పగలు 13 గంటల పైచిలుకు, డిసెంబర్ నెలాఖరులో 11 గంటల పైచిలుకు. ఢిల్లీతో పోలిస్తే ఈ తేడా చిన్నదే. మన ఎండలో పగలు పొడుగు పాత్ర తక్కువ, నిలువు కిరణాల పాత్ర ఎక్కువ.

నిలువు అంటే ఎంత నిలువు? మే 8 ప్రాంతంలో మధ్యాహ్నం 12 గంటల 10 నిమిషాలకు నల్లగొండలో ఒక కర్రను తిన్నగా పాతి చూడండి. నీడ ఉండదు. ఆలంపూర్ ఇంకా దక్షిణాన ఉంది కాబట్టి అక్కడ నాలుగైదు రోజుల ముందే అట్లా అవుతుంది. ఆ తర్వాత సూర్యుడు ఇంకా ఉత్తరానికి పోతాడు. జూన్ 21న నల్లగొండ మిట్టమధ్యాహ్నం సూర్యుడు నడినెత్తికి ఆరు డిగ్రీలు ఉత్తరాన ఉంటాడు, నీడ దక్షిణానికి పడుతుంది. తిరిగి వస్తూ ఆగస్టు 5 ప్రాంతంలో మరోసారి నెత్తిమీదికి వస్తాడు. మే 8న ఉన్న సూర్యుడే ఆగస్టు 5న కూడా, అదే కోణం. అయినా ఆగస్టులో రోళ్లు పగలవు. అప్పటికి నైరుతి మబ్బులు కమ్మి ఉంటాయి, నేల తడిసి ఉంటుంది. మార్చి నుంచి కాగుతూ వచ్చిన పొడి నేల మీద, మబ్బు లేని ఆకాశం కింద సూర్యుడు దాదాపు నిలువుగా నిలబడేది రోహిణి కార్తెలోనే.

ఇక చంద్రుడు. అసలు చిక్కు ఇక్కడే ఉంది.

చంద్రుడు భూమి చుట్టూ తిరిగి అదే నక్షత్రం దగ్గరికి రావడానికి 27.32 రోజులు పడుతుంది. నక్షత్రాలు 27 కావడానికి ఇదే మూలం, రోజుకొకటి. కానీ అమావాస్య నుంచి అమావాస్యకు 29.53 రోజులు. ఈ రెండు రోజుల తేడా ఎందుకంటే, చంద్రుడు ఒక చుట్టు తిరిగేలోగా భూమి సూర్యుడి చుట్టూ దాదాపు 27 డిగ్రీలు జరుగుతుంది. మళ్లీ సూర్యుడితో ఒకే వైపుకు రావాలంటే చంద్రుడు ఇంకా రెండు రోజులకు పైగా నడవాలి. 24 గంటలకూ 23 గంటల 56 నిమిషాలకూ ఉన్న పేచీ లాంటిదే ఇది కూడా.

29.53ను పన్నెండుతో గుణిస్తే 354 రోజుల చిల్లర. సూర్యుడి ఏడాది 365 రోజుల చిల్లర. ఏటా పదకొండు రోజులు తక్కువ. పెత్రమాస 2023 నుంచి 2025 దాకా ముందుకు జరుగుతూ వచ్చింది ఈ లెక్కనే. పీర్ల పండుగ నడిచే హిజ్రీ క్యాలెండర్ ఈ పదకొండు రోజులను పట్టించుకోదు. చంద్రుడు ఎటు తీసుకుపోతే అటు పోతుంది, అందుకే 33 ఏళ్లకు కాస్త అటూఇటుగా అన్ని రుతువులూ తిరిగొస్తుంది. మన పల్లెల్లో పీర్లను ఎత్తుకుని వానలో తడుస్తూ తిరిగిన ఏళ్లూ ఉంటాయి, చలికి వణుకుతూ తిరిగిన ఏళ్లూ ఉంటాయి. దానివల్ల ఆ పండుగకు వచ్చే ఇబ్బంది ఏమీ లేదు.

బతుకమ్మకు మాత్రం వస్తుంది. గునుగు వానాకాలం చేన్లలో మొలిచి సెప్టెంబర్, అక్టోబర్‌లలో పూస్తుంది. తంగేడు ఆ రోజుల్లో గుట్టల మీద పచ్చగా విరగబూస్తుంది. పువ్వులు సూర్యుడి లెక్కలో పూస్తాయి, పండుగ తిథి చంద్రుడి లెక్కలో నడుస్తుంది. చంద్రుణ్ని అట్లాగే వదిలేస్తే పదేళ్లలో బతుకమ్మ దుక్కులు దున్నే రోజులకు వచ్చి పడుతుంది. అప్పుడు తాంబాళంలో పేర్చడానికి ఏముంటుంది? అందుకే అధికమాసం. మూడేళ్లలో తగ్గిన 33 రోజులకు బదులు ఒక నెలను కలిపేస్తారు. 2023లో అధిక శ్రావణం వచ్చింది, 2026లో అధిక జ్యేష్ఠం. పెత్రమాస ఒక్కసారే అక్టోబర్ 10కి పోయింది అందుకే. 2026 అధిక జ్యేష్ఠం మే 17 నుంచి జూన్ 15 దాకా. అందులో పెళ్లిళ్లు పెట్టుకోరు కానీ మిరుగం మాత్రం తన రోజుకే వస్తుంది. అది చంద్రుడి చేతిలో లేదు.

ఏ నెల అధికం కావాలో ఎవరూ కూర్చుని నిర్ణయించరు. సూర్యుడు రాశి మారకుండా గడిచిపోయిన చాంద్రమాసం అధికమవుతుంది, అంతే సూత్రం. ఇందులో ఒక అందం ఉంది. జూలైలో భూమి సూర్యుడికి దూరంగా ఉంటుంది కాబట్టి నెమ్మదిగా నడుస్తుంది, సెకనుకు 29.3 కిలోమీటర్లు. జనవరిలో 30.3. అందువల్ల ఎండాకాలం, వానాకాలంలో సూర్యుడు ఒక్కో రాశిలో 31 రోజులకు పైగా ఉండిపోతాడు, 29.53 రోజుల చాంద్రమాసం అందులో సులువుగా ఇమిడిపోతుంది. చలికాలంలో రాశి 29 రోజుల చిల్లరకే అయిపోతుంది, ఇక ఇమడడానికి చోటుండదు. అధిక జ్యేష్ఠం, అధిక శ్రావణం వింటాం కానీ అధిక పుష్యం, అధిక మాఘం వినకపోవడానికి కారణం ఇదే. దగ్గరైతే వేగం, దూరమైతే నెమ్మది అని కెప్లర్ 1609లో ప్రకటించిన సూత్రం మన పంచాంగంలో పనిచేస్తూ కనిపించేది ఇక్కడ.

2020లో అధిక మాసం సరిగ్గా పెత్రమాస పక్కనే పడింది. అమావాస్య సెప్టెంబర్ 17న. ఆ మరునాటి నుంచి అధిక ఆశ్వయుజం. దసరా అక్టోబర్ 25న. పెత్రమాస నాడు ఆడే తొలి బతుకమ్మ ఎంగిలిపువ్వుకూ చివరి రోజు సద్దులకూ మధ్య తొమ్మిది రోజులుండాల్సింది నెల పైన సాగింది. ఎంగిలిపువ్వు ఎప్పుడు ఆడాలని ఆ ఏడు ఊరూరా చర్చ నడిచింది. ఇందులో ఎవరి తప్పూ లేదు. సూర్యుణ్నీ చంద్రుణ్నీ ఒకే బండికి కట్టాలని చూస్తే అప్పుడప్పుడు ఇట్లా అవుతుంది.

సద్దుల బతుకమ్మ ఫలానా రోజా, మరునాడా అని దాదాపు ఏటా వచ్చే టెన్షన్‌కు కారణం వేరు. తిథి అంటే రోజు కాదు. సూర్యుడి కంటే చంద్రుడు 12 డిగ్రీలు ముందుకు పోవడానికి పట్టే సమయం. చంద్రుడి దారి గుండ్రంగా లేదు. భూమికి దగ్గరైనప్పుడు 3 లక్షల 60 వేల కిలోమీటర్ల లోపుకు వస్తాడు, దూరమైనప్పుడు 4 లక్షలు దాటుతాడు. దగ్గరున్నప్పుడు వేగం, దూరమున్నప్పుడు నెమ్మది. దాంతో ఒక తిథి 20 గంటల్లో అయిపోవచ్చు, దాదాపు 27 గంటలు సాగనూవచ్చు. అష్టమి ఒకరోజు మధ్యాహ్నం వచ్చి మరునాడు మధ్యాహ్నం దాటాక పోతే, ఏ రోజును అష్టమి అనాలి? పొద్దున ఉన్న తిథినా, సాయంత్రం ఆడేటప్పుడు ఉన్న తిథినా? దీనికి తోడు పాత సూత్రాలతో లెక్కించే పూర్వపద్ధతి పంచాంగానికీ దృక్ పద్ధతి పంచాంగానికీ గంటల తేడా ఉంటుంది. ఆకాశంలో కనిపించే చంద్రుడికి సరిపోయేది దృక్. లెక్కల వరకు నా ఓటు దానికే. ఆచారం సంగతి ఊళ్లో పెద్దలు చూసుకుంటారు.

పెత్రమాస గురించి ఇంకొక విశేషం చెప్పాలి. 2023, 2024, 2025, ఈ మూడు పెత్రమాసలకూ సూర్యగ్రహణం పట్టింది. మనకు తెలియలేదు, ఎందుకంటే మూడుసార్లూ అప్పుడు మనకు రాత్రి. మొదటిది అమెరికా ఖండాల్లో, రెండోది పసిఫిక్ మీదుగా చిలీ, అర్జెంటీనాల్లో, మూడోది న్యూజిలాండ్, అంటార్కిటికా వైపు కనిపించాయి. ప్రతి అమావాస్యకూ గ్రహణం ఎందుకు రాదంటే, చంద్రుడి దారి భూమి దారికి ఐదు డిగ్రీల వాలులో ఉంది. చాలా అమావాస్యలకు చంద్రుడి నీడ భూమికి పైనుంచో కిందినుంచో పోతుంది. రెండు దారులూ కలిసే చోటుకు దగ్గరలో అమావాస్య పడితేనే గ్రహణం. ఆ చోటుతో సూర్యుడు మళ్లీ కలవడానికి 346.6 రోజులు, పన్నెండు చాంద్రమాసాలకు 354. తేడా ఎనిమిది రోజులే కాబట్టి ఒకే పండుగ అమావాస్యకు వరసగా రెండు మూడేళ్లు గ్రహణాలు రావడం, ఆ తర్వాత తప్పిపోవడం మామూలే.

ఆ నీడ నేరుగా మన జిల్లాల మీదనే పడిన రోజు 1980 ఫిబ్రవరి 16. ఉస్మానియా యూనివర్సిటీకి 48 అంగుళాల టెలిస్కోప్ ఉన్న జపాల-రంగాపూర్ అబ్జర్వేటరీ, ఇబ్రహీంపట్నం దాటాక సాగర్ రోడ్డు వైపు ఉంది. ఆ రోజు సంపూర్ణ గ్రహణం దారి దాని మీదుగానే పోయింది. మధ్యాహ్నం మూడున్నర దాటాక రెండు నిమిషాలకు పైగా సూర్యుడు పూర్తిగా మాయమయ్యాడు. ఆ రోజు భయపడి తలుపులు వేసుకున్న ఇళ్లే ఎక్కువ. ఇంటి ముందుకు వచ్చిన సంపూర్ణ గ్రహణాన్ని చూడకుండా వదిలేశారంటే నాకు ఇప్పటికీ ప్రాణం ఉసూరుమంటుంది. సూర్యుడు పూర్తిగా కప్పుకున్న ఆ రెండు నిమిషాలూ వట్టి కళ్లతో చూడొచ్చు కూడా. దానికి ముందూ వెనకా పాక్షికంగా ఉన్నప్పుడే కళ్లకు ప్రమాదం.

పుష్కరాలది గురుగ్రహం లెక్క. గురుడు సూర్యుడి చుట్టూ తిరగడానికి 11.86 ఏళ్లు. పన్నెండు రాశులకు పంచితే ఏడాదికి ఒకటి. కన్యలోకి వస్తే కృష్ణకు, తులలోకి కావేరికి, వృశ్చికంలోకి భీమకు, మకరంలోకి తుంగభద్రకు. 2016 ఆగస్టు 12న బీచుపల్లిలో, సాగర్‌లో, వాడపల్లిలో, మట్టపల్లిలో కృష్ణా పుష్కరాలు మొదలైతే, 2018 అక్టోబర్‌లో తంగిడి దగ్గర కృష్ణలో కలిసే భీమకు, 2020 నవంబర్ 20న ఆలంపూర్ దగ్గర తుంగభద్రకు వచ్చాయి. తేదీలు ఏటా ఎందుకు జరుగుతున్నాయంటే, గురుడు రాశిలోకి వెళ్లి మళ్లీ వెనక్కి వస్తున్నట్టు కనిపించడం కూడా ఒక కారణం. నిజంగా వెనక్కి రాడు. చౌటుప్పల్ హైవే మీద మన బస్సు పక్క లారీని దాటేటప్పుడు, దూరపు గుట్టలతో పోల్చి చూస్తే లారీయే వెనక్కి పోతున్నట్టు అనిపిస్తుంది. సెకనుకు 30 కిలోమీటర్లు పోయే భూమి, 13 కిలోమీటర్లు పోయే గురుణ్ని 399 రోజులకోసారి అట్లా దాటుతుంది.

12 ఏళ్లకూ 11.86 ఏళ్లకూ ఉన్న తేడా కూడా ఊరికే పోదు. అది పోగుపడి, ఏడు చుట్లకోసారి పన్నెండేళ్ల బదులు పదకొండేళ్లకే గురుడు అదే రాశికి వస్తాడు. హరిద్వార్ కుంభమేళా 2010 తర్వాత 2021లోనే జరిగింది అందుకే.

ఇంతసేపూ మిరుగం తేదీ మారదన్నాను. అది మన జీవితకాలం వరకే నిజం. భూమి అక్షం ఒకే దిక్కుకు చూస్తూ ఉండదు, దాదాపు 26 వేల ఏళ్లలో ఒక వలయం చుట్టి వస్తుంది. దానివల్ల చుక్కల లెక్కలో ఏడాదికీ రుతువుల లెక్కలో ఏడాదికీ ఇరవై నిమిషాల తేడా ఉంది. 72 ఏళ్లకు ఒక రోజు. సాక్ష్యం కావాలంటే వివేకానందుడి పుట్టినరోజు చూడండి. ఆయన 1863 జనవరి 12న, మకర సంక్రాంతి నాడు పుట్టారు. అదే సంక్రాంతి ఇప్పుడు 14 లేదా 15న వస్తున్నది. ఉత్తరాయణం అసలు మొదలయ్యేది డిసెంబర్ 21, 22లలోనే, సంక్రాంతి దాని నుంచి ఇప్పటికే మూడు వారాలు దాటి జరిగింది. మిరుగం కూడా ఇదే వేగంతో కదులుతోంది. రెండు వేల ఏళ్లు గడిస్తే అది జూలై మొదట్లో పడుతుంది. వాన మాత్రం చుక్కలను చూసి రాదు, అక్షం వాలును చూసి వస్తుంది. భౌతిక శాస్త్రవేత్త మేఘనాద్ సాహా అధ్యక్షతన 1952లో వేసిన కమిటీ ఈ జరుగుడును గుర్తించి రుతువులకు కట్టిన జాతీయ క్యాలెండర్‌ను సిఫార్సు చేసింది. అది 1957 మార్చి 22 నుంచి అమల్లో ఉంది. గెజిట్ మీద, ఆకాశవాణి ప్రకటనల్లో తప్ప దాన్ని వాడేవాళ్లు మన ఊళ్లలో దాదాపు లేరు. మిరుగం వచ్చిందని పత్తి గింజలు పెట్టకుండా, 60 నుంచి 75 మిల్లీమీటర్ల వాన పడి నేల బాగా తడిసిందాకా ఆగమని వ్యవసాయ శాస్త్రవేత్తలు ఏటా చెప్తుంటారు. వాళ్ల మాటకు కార్తెతో పని లేదు, కాబట్టి అది రెండు వేల ఏళ్ల తర్వాత కూడా చెల్లుతుంది.